కంప్యూటరులో సేద్యం: పంట చేతికి రావడానికి నాలుగున్నరేళ్లు

(గ్రామీణ విలేకరి)

“మావాడు పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని ఆటలాడుతున్నాడనుకున్నాను. అడిగితే, ఆడటం కాదు నాన్నా, ఆట తయారు చేస్తున్నానంటాడు. ఇదొక పనేనా అబ్బాయ్? నాలుగూళ్లు తిరిగేవాడివి, పేపరుకు రాసేవాడివి, నువ్వు చెప్పు” అని మా ఊరి రైతు ఒకరు మొన్న టీ కొట్టు దగ్గర ఈ విలేకరిని నిలదీశారు.

ఆయనకున్నది మూడెకరాల మాగాణి. అప్పు చేసి కొడుకును బి.ఎస్సీ కంప్యూటర్స్ చదివించారు. కుర్రవాడు పాసై రెండేళ్లయింది. ఉద్యోగానికి పంపిన దరఖాస్తులు పంపినట్టే ఉన్నాయి. ఈలోగా తనంతట తాను గేము ప్రోగ్రామింగు నేర్చుకుంటున్నాడు. తండ్రి అడిగిన రెండో ప్రశ్న మొదటిదానికన్నా గట్టిది. “నేర్చుకోవద్దనను. ఎన్నాళ్లు చూడమంటావో అది చెప్పు.”

ఈ విలేకరి చదువు ఇంటర్మీడియట్‌తో ఆగింది. టీ గ్లాసు చేతిలో పట్టుకుని జవాబు చెప్పగలిగేంత తెలివి లేదు. “సాయంత్రం మీ ఇంటికొస్తాను బాబాయ్” అని మాత్రం అన్నాను.

తెర మీద గోడ

వడ్ల బస్తాల పక్కన చిన్న బల్ల. దాని మీద ఎవరో వాడి అమ్మేసిన పాత కంప్యూటరు. తెర మీద బొటనవేలంత మనిషి. మీట నొక్కితే నడుస్తున్నాడు. ఎదురుగా ఇటుక గోడ. మనిషి ఆ గోడలోకి నేరుగా నడిచి అవతల తేలాడు. కుర్రవాడు సిగ్గుపడి, “పదకొండు రోజుల నుంచి ఇదే పని అన్నా. ఈ గోడ దగ్గర వీడు ఆగడం లేదు” అన్నాడు.

గోడ కనిపిస్తోంది కదా, ఎందుకు ఆగడని అడిగాను. గోడ మన కంటికే గోడట. యంత్రానికి అది ఒట్టి రంగు. “ఇక్కడి నుంచి ఇక్కడిదాకా గోడ ఉంది, మనిషి కాలు దీన్ని తాకితే వెనక్కి నెట్టు” అని అంకెల్లో మనం రాసి ఇస్తే తప్ప దానికి తెలియదు. రాసి ఇచ్చినా చాలదు.

సినిమా రీలులో సెకనుకు 24 బొమ్మలు కదులుతాయని మనలో చాలామందికి తెలుసు. కంప్యూటరు ఆటలో సాధారణంగా సెకనుకు 60 బొమ్మలు. అయితే సినిమా బొమ్మలు ముందే తీసి పెట్టినవి. ఆటలో ప్రతి బొమ్మా అప్పటికప్పుడు పుట్టాలి. ఆడేవాడు ఏ మీట నొక్కాడో చూడటం, దాని ప్రకారం మనిషిని, పశువును, వానను లెక్కగట్టి జరపడం, తర్వాత బొమ్మ గీయడం. ఈ మూడు పనులూ సెకనులో అరవయ్యో వంతులో అయిపోవాలి. అయిపోగానే మళ్లీ మొదలు. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు ఆట ఆపేదాకా ఈ తిరుగుడే.

ఇక గోడ సంగతి. తెర మీది బొమ్మంతా చుక్కలతో గీసిందే. మనిషి ఒక్కో బొమ్మకు 20 చుక్కల దూరం కదులుతున్నాడనుకుందాం. గోడ మందం 16 చుక్కలే. ఒక బొమ్మలో గోడకు ఇవతల ఉన్నవాడు తర్వాతి బొమ్మలో అవతల ఉంటాడు. మధ్యలో గోడను తాకిన క్షణమే లేదు. తాకనివాణ్ణి యంత్రం ఎలా ఆపుతుంది? ఇలాంటి తప్పు దొరకాలంటే ఒక్కో బొమ్మనూ ఆపి చూసుకుంటూ పోవాలి.

మరో తమాషా కూడా చూపించాడు. కుడి మీట నొక్కితే మనిషి ఒక వేగంతో పోతున్నాడు. పై మీటకూ అదే వేగం. రెండూ కలిపి నొక్కితే ఐమూలగా పరుగెత్తుతున్నాడు, మామూలుకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు జోరుగా. ఇది పైథాగరస్ సిద్ధాంతమట. అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు వేస్తే ఐమూలగా పోయిన దూరం రెండు వర్గమూలం, అంటే 1.414 అడుగులు. లెక్కల మాస్టారు బెత్తం పట్టుకుని చెప్పిన ఈ పాఠం బతుకులో ఎక్కడైనా పనికొస్తుందని అప్పట్లో ఈ విలేకరి అనుకోలేదు.

తండ్రి గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. “సరే, ఇది నేర్చుకుని నిలబడినవాడు ఎవడైనా ఉన్నాడా?” అన్నారు. కుర్రవాడు మాట్లాడకుండా తెర మీద ఇంకో ఆట తెరిచాడు. అందులో ఒక పొలం ఉంది. కలుపు, రాళ్లు, పడిపోయిన కంచె. మూలన చిన్న ఇల్లు. “ఇది ఒక్కడే చేశాడు నాన్నా” అన్నాడు.

ఆ ఒక్కడి సంగతి ఆరా తీసి రాస్తున్నదే ఈ కథనం.

ఉద్యోగం రాని పట్టభద్రుడు

ఆ మనిషి పేరు ఎరిక్ బరోన్. అమెరికాలో వాయవ్య మూలన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంవాడు. సియాటిల్ నగరానికి దగ్గరలోని ఆబర్న్ అనే ఊళ్లో పెరిగాడు. 2011లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం టకోమా శాఖలో కంప్యూటర్ సైన్సు డిగ్రీ తీసుకున్నాడు. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టాడు. రాలేదు. కంప్యూటరు కంపెనీలకు పేరుపడ్డ సియాటిల్ పక్కనే ఉండి, కంప్యూటరు డిగ్రీ చేతిలో పెట్టుకుని ఉద్యోగం దొరకని కుర్రవాడు. ఈ ముక్క చెప్పగానే మా ఊరి రైతు కొంచెం ముందుకు జరిగి కూర్చున్నారు.

చేయి తిరగాలి, నైపుణ్యం పెరగాలి, అప్పుడైనా ఎవరో ఒకరు ఉద్యోగమిస్తారన్న ఆలోచనతో బరోన్ ఒక చిన్న ఆట తయారుచేయడం మొదలెట్టాడు. సీ షార్ప్ అనే కంప్యూటరు భాషలో సాధన కోసం ఎత్తుకున్న పని అది. కోట్లు గడించాలన్న ఊహ లేదు. కొద్ది నెలల్లో అయిపోతుందనుకున్నాడు. అతను పెట్టుకున్న మొదటి పేరు స్ప్రౌట్ వ్యాలీ, అంటే మొలకల లోయ అనుకోవచ్చు. తర్వాత స్టార్‌డ్యూ వ్యాలీ అయింది.

ఆ నెలలు నాలుగున్నర సంవత్సరాలయ్యాయి.

సేద్యం ఆట పుట్టిల్లు జపాన్

సేద్యాన్ని ఆటగా చేయాలన్న ఊహ బరోన్‌ది కాదు. దానికి మూలపురుషుడు జపాన్ దేశస్థుడు యసుహిరో వాడా. పల్లె ప్రాంతం నుంచి టోక్యో మహానగరానికి వచ్చి, ఊరిని తలచుకుంటూ తయారుచేసిన ఆట హార్వెస్ట్ మూన్. 1996లో వచ్చింది. అప్పటి ఆటల్లో ఎక్కువ భాగం తుపాకులు, తన్నులాటలే. ఆ రోజుల్లో ఆవుకు మేత వేయడం, మొక్కకు నీళ్లు పోయడం ఆటేమిటని నవ్వినవాళ్లే ఎక్కువమంది ఉండి ఉంటారు. పిల్లలు మాత్రం ఆడారు.

అలా ఆడిన పిల్లల్లో బరోన్ ఒకడు. ఆ ఆటకు వరసగా వచ్చిన తర్వాతి భాగాలు అతనికి నచ్చలేదు. అసలు రుచి పోయిందనిపించింది. ఎవరూ చేయకపోతే నేనే చేసుకుంటానన్నాడు. నాగలి వంకరగా ఉందని వడ్రంగిని తిట్టేవాళ్లు ఊరినిండా ఉంటారు. ఉలి అందుకునేవాడు ఎప్పుడో ఒకడు.

ఒక విత్తు వెనక ఎన్ని లెక్కలు

ఆ ఆటలో ఏముందో సేద్యం తెలిసిన మన పాఠకులకు చెబితే చప్పున అర్థమవుతుంది. పట్నంలో పెద్ద కంపెనీలో గుమాస్తాగా విసిగిపోయిన మనిషికి తాతగారి పాత పొలం దక్కుతుంది. అక్కడికి పోయి కలుపు కొట్టి, రాళ్లేరి, పంట పెట్టుకోవాలి. ఊరిపెద్ద మొదట పదిహేను విత్తనాలిస్తాడు. అది ముల్లంగిలా తెల్లగా, క్యారెట్టు జాతికి చెందిన ఒక దుంప. నాలుగు రోజుల్లో చేతికొస్తుంది. అలా నాలుగు రోజుల్లో వచ్చే పంట మనకూ ఉంటే ఎంత బాగుండునని ఇంటావిడ నవ్వారు.

ఆ ఆటలో ఏడాదికి నాలుగు రుతువులు, రుతువుకు 28 రోజులు. రోజంటే మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు. పొద్దున ఆరు గంటలకు లేవాలి. రాత్రి రెండు దాటినా పని చేస్తూ ఉంటే మనిషి పడిపోతాడు. నీళ్లు పోయని మొక్క ఎదగదు. వాన కురిస్తే ఆ రోజు నీళ్లు పోయనక్కర్లేదు. రుతువు మారితే ఆ రుతువుకు చెందని పైరు చస్తుంది. దిష్టిబొమ్మ పెట్టకపోతే కాకులు దిగుతాయి. దిష్టిబొమ్మకూ ఒక హద్దుంది. చుట్టూ కొన్ని గడుల దాకానే కాపు కాస్తుంది.

ఆడేవాడికి ఇది పదిహేను విత్తనాలు చల్లడం. తయారుచేసేవాడి వైపు నుంచి చూడండి. పొలమంతా గడులు, చదరంగం బల్లలాగా. ప్రతి గడికీ ఒక ఖాతా తెరవాలి. ఈ గడి తవ్వారా లేదా? ఈ రోజు తడిసిందా? ఎరువు వేశారా? ఏ విత్తు పడింది? ఎన్నో రోజు? ఆడేవాడు నిద్రపోగానే ఆ ఖాతాలన్నీ ఒక్కసారి తిరగేయాలి. తడిసిన గడిలో మొక్కను ఒక మెట్టు పెంచాలి, తడిని ఆరబెట్టాలి, తేదీ మార్చాలి. రుతువు మారిందేమో చూడాలి. మారితే పైరు ఎండిపోయిన బొమ్మ తేవాలి. ఆ తర్వాత లెక్కంతా భద్రం చేయాలి. కరెంటు పోతే మర్నాటికి ఆ పొలం మళ్లీ అలాగే కనిపించాలి కదా. మన గ్రామ కరణాలు అడంగల్ రాసినట్టే. కరణం ఒక తప్పు రాస్తే ఒక రైతు తిరిగాడు. ఇక్కడ ఒక తప్పు రాస్తే ఆ ఆట కొన్న ప్రతివాడి పొలంలోనూ అదే తప్పు మొలుస్తుంది.

ఇది పంట ఒక్కటే. ఆ ఊళ్లో చెలిమి చేయదగ్గ మనుషులు ముప్పై మందికి పైగా ఉన్నారు. ఒక్కొక్కరు ఏ వేళకు ఎక్కడ ఉండాలి, వానొస్తే ఎక్కడ ఉండాలి, ఏ కానుకిస్తే సంతోషిస్తారు, పుట్టినరోజు ఎప్పుడు, ఏం మాట్లాడతారు. చేపలు పట్టడం ఉంది, గని తవ్వడం ఉంది, పశువులున్నాయి, తిరునాళ్లున్నాయి. ఇవన్నీ ఒక్క మనిషి రాశాడు. బొమ్మలు తనే గీశాడు. సంగీతం తనే కట్టాడు. పెద్ద కంపెనీల్లో ఈ పనులకు వేర్వేరు విభాగాలుంటాయి, వందల మంది ఉంటారు.

గీసిందే మళ్లీ గీసి

వీటిలో బరోన్‌కు ముందే చేతనైనవి రెండే అనుకోవచ్చు. కాలేజీలో నేర్చుకున్న ప్రోగ్రామింగు కొంత. కుర్రతనంలో బృందాల్లో వాయించిన సంగీతం కొంత. బొమ్మలు గీయడం అసలు రాదు. చుక్క చుక్క పేర్చి గీసే బొమ్మ అది. నేర్చుకోవడానికి అన్నిటికన్నా కష్టపడింది ఆ విద్య కోసమే. మొదట గీసినవి మొరటుగా ఉండేవి. అవి ఇప్పటికీ ఇంటర్నెట్టులో కనిపిస్తాయి. ఒక్కో మనిషి ముఖం మొదటి ఏడాది ఎలా ఉందో, చివరి ఏడాది ఎలా అయిందో పక్కపక్కన పెట్టి చూపినవి చూస్తే, ఒకే చెయ్యి గీసిందంటే నమ్మబుద్ధి కాదు.

చెయ్యి కొంచెం తిరిగేసరికి ఏడాది కిందటి బొమ్మలు అతనికే ఎబ్బెట్టుగా కనిపించేవి. వాటిని తీసేసి మళ్లీ గీసేవాడు. మళ్లీ కొన్నాళ్లకు అవీ నచ్చేవి కావు. ఆలస్యమంతా ఇక్కడే ఉంది. నేర్చుకుంటూ చేసే పనిలో ఉన్న తిరకాసు అది. పని పూర్తయ్యేలోపు పనివాడు మారిపోతాడు. మగ్గం నేర్చుకునే పిల్లవాడు నేసిన మొదటి గజం, ఆఖరి గజం ఒకే చీరలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మొదటి గజం విప్పి మళ్లీ నేయక తప్పదు.

పట్టుదల అంటే గుండె దిటవు చేసుకుని కూర్చోవడమని మనం మామూలుగా అనుకుంటాం. ఈ పనిలో పట్టుదల అంటే తాను నిరుడు చెమటోడ్చి చేసిన దాన్ని తన చేత్తో తీసి పారేయగలగడం. నా మటుకు నాకు రోజుకు పది గంటలు కూర్చోవడం కన్నా అదే కష్టమనిపిస్తోంది. రాసిన వార్తలో సబెడిటరుగారు రెండు వాక్యాలు కొట్టేస్తేనే ఈ విలేకరికి ఆ పూట అన్నం సహించదు.

ఆ కుర్రవాడు రోజుకు సుమారు పది గంటలు, వారంలో ఏడు రోజులూ పనిచేశాడు. ఇది మెచ్చుకోవలసిందేమీ కాదు. ఒళ్లు చెడుతుంది. విసుగు పుట్టి పని ముందుకు సాగని రోజులూ ఉన్నాయని అతనే తర్వాత చెప్పాడు.

మధ్యలో మరో దెబ్బ. అతను వాడుతున్న పనిముట్టు ఎక్స్ఎన్ఏ, మైక్రోసాఫ్ట్ కంపెనీది. దాన్ని ఇక ముందుకు అభివృద్ధి చేయబోవడం లేదని 2013లో ఆ కంపెనీ తెలియజేసింది. చేను సగం దున్నాక ఆ ట్రాక్టరు మోడలుకు ఇక స్పేరు పార్టులు రావని చెప్పినట్టు. కొత్త పనిముట్టు పట్టుకుంటే చేసినదంతా మార్చుకోవాలి. అతను ఆ పాతదానితోనే ఆట ముగించి బయటపెట్టాడు. వేరేదానికి మార్చింది 2021లో, తీరిగ్గా.

థియేటర్లో కొలువు

“అన్నాళ్లూ తిండి ఎవరు పెట్టారు?” మా ఊరి రైతు అడిగిన ఈ ప్రశ్నే అసలు ప్రశ్న. గొప్పవాళ్ల గురించి రాసేటప్పుడు ఈ ముక్క ఒక వాక్యంలో దాటేస్తుంటారు. దాటవలసింది కాదు.

కొన్నాళ్లు తల్లిదండ్రుల ఇంట్లో ఉన్నాడు. తర్వాత సియాటిల్‌లో ఒక చిన్న వాటాలో, స్నేహితురాలితో. ఆమె చదువుకుంటూ, పనిచేసుకుంటూ ఇల్లు నడిపింది. ఆ దేశంలో పెళ్లికి ముందే కలిసి కాపురం చేయడం మామూలు. ఆ సంగతి అలా ఉంచి, నాలుగేళ్ల పైచిలుకు ఫలితం కనబడని పనిని ఇంట్లో పెట్టుకుని నెట్టుకొచ్చిన ఓర్పును మాత్రం చూడాలి.

అతనూ ఊరికే కూర్చోలేదు. సియాటిల్‌లో పారమౌంట్ థియేటరని 1928 నాటి పెద్ద హాలు ఉంది. నాటకాలు, కచేరీలు జరుగుతాయి. అందులో టిక్కెట్టు చూసి కుర్చీ చూపించే పనికి కుదిరాడు. పార్ట్ టైము. ఆ ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం మాత్రమే. కంప్యూటరు డిగ్రీ చదివినవాడు చీకట్లో జనానికి దారి చూపించి, ఇంటికొచ్చి మళ్లీ బొమ్మలు గీసుకున్నాడు.

అప్పటికే ఆ పని గురించి బయట నలుగురికీ తెలిసింది. 2012లో స్టీమ్ అనే ఇంటర్నెట్టు దుకాణంలో, ఈ ఆట అమ్మకానికి పెట్టవచ్చా అని కొనుగోలుదార్ల ఓటింగుకు ఉంచాడు. జనం ఓట్లేశారు. బ్రిటన్‌లోని చకుల్‌ఫిష్ అనే సంస్థ పంపిణీ పనులు చూస్తామని ముందుకొచ్చింది. ఎదురుచూసే జనం పెరిగారు. సగం చేసిన ఆటనే అమ్మి డబ్బు చేసుకునే పద్ధతి ఆ వ్యాపారంలో ఉంది. చాలామంది అలాగే చేస్తారు, తప్పేమీ కాదు. ఇతను ఒప్పుకోలేదు. పూర్తయ్యాకనే ఇస్తానన్నాడు.

ఇక్కడ ఈ విలేకరికి ఒక సందేహం. చేతిలో పైసా లేకపోయినా పచ్చికాయ కోయనన్న ఆ పట్టు మంచిదేనా? అతనికి కలిసొచ్చింది గనుక ఇప్పుడు అందరూ భేష్ అంటున్నారు. ఇల్లు గడవని చోట ఆ మాట అనడం అందరి వల్లా కాదు, అనకూడదేమో కూడా.

2016 ఫిబ్రవరి 26

ఆ రోజు ఆట అమ్మకానికి వచ్చింది. ధర 14 డాలర్ల 99 సెంట్లు. అప్పటికి బరోన్ వయసు 28. రెండు నెలలు తిరిగేలోగా పది లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 2024 డిసెంబరు నాటికి ఆ లెక్క నాలుగు కోట్ల పది లక్షలు దాటింది. మన ఆంధ్రప్రదేశ్ జనాభాతో పోల్చుకుంటే ఎంతో తెలుస్తుంది. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది నాలుగు కోట్ల తొంభై లక్షల పైచిలుకు మంది.

డబ్బు వచ్చిపడ్డాక కూడా పని ఆగలేదు. ఆడేవాళ్లు చెప్పిన తప్పులన్నీ కూర్చుని దిద్దాడు. నలుగురు కలిసి ఒకే పొలం చేసుకునే వీలు 2018లో వచ్చింది. 2020లో, 2024లో పెద్ద పెద్ద చేర్పులు. తర్వాతి రోజుల్లో కొంతమంది సహాయకులు కలిశారు. ఒకసారి కొన్నవాడి దగ్గర ఆ చేర్పులకు మళ్లీ డబ్బు తీసుకోలేదు. అడిగితే ఇచ్చేవాళ్లే.

ఇంతవరకు విని మా ఊరి కుర్రవాడి కళ్లు మెరిశాయి. తండ్రి కళ్లు మెరవలేదు. “వీడొక్కడు. మిగతావాళ్ల సంగతేమిటి?” అన్నారు.

మంచి రైతు అడగవలసిన ప్రశ్న. ఒక ఎకరంలో అరవై బస్తాలు పండాయని పేపర్లో ఫోటో వేస్తాం. పక్క ఎకరంలో తాలు మిగిలిన సంగతి రాయం. ఆ స్టీమ్ దుకాణంలో 2024 ఒక్క సంవత్సరంలోనే 18 వేలకు పైగా కొత్త ఆటలు వచ్చాయి. వాటిలో అనేకం పెట్టిన శ్రమకు కూలి కూడా రాబట్టలేనివే. బరోన్ లాగా కష్టపడ్డవాళ్లు వాటి వెనక లేరని ఎలా అనగలం? కష్టం ఉంటే పంట వస్తుందని మనూళ్లో ఎవరితోనైనా అని చూడండి. వాన సంగతి అడుగుతారు.

అయితే ఒక తేడా ఉంది. బరోన్ ఆట అమ్ముడుపోకపోయినా, అతను మొదట బయలుదేరిన పని అయినట్టే. ప్రోగ్రామింగులో చేయి తిరగడం కోసం మొదలెట్టాడు, తిరిగింది. ఆ చేత్తో ఎక్కడైనా కొలువు దొరికేది. ఈ విద్యలో నేర్చుకున్నది బ్యాంకు లెక్కలకూ, ఆసుపత్రి రికార్డులకూ పనికొస్తుంది. గోడ దగ్గర మనిషిని ఆపడం నేర్చినవాడు, ఖాతాలో లేని డబ్బు డ్రా కాకుండా ఆపడమూ నేర్చుకోగలడు. హైదరాబాదులోనూ ఆటలు తయారుచేసే కంపెనీలున్నాయి. వాటిలోకి పోవాలన్నా నేను చదివాను అంటే చాలదు, నేను చేసింది ఇదీ అని ఒకటి చూపించాలి. చిన్నదైనా పూర్తిగా చేసినది ఉంటే మేలు.

ఈ ముక్క కుర్రవాడికి గుచ్చుకుంది. అతను తయారుచేయబోయేది మా మండలమంత పెద్ద ఆట. కోట, యుద్ధం, ఏనుగులు, వంద మంది సైన్యం. కాగితం మీద అంతా ఉంది. తెర మీద ఉన్నది గోడలోంచి నడిచే మనిషి ఒక్కడే. “ముందు ఒక గది, ఒక తలుపు, ఒక తాళంచెవి. అంతవరకు ముగించరాదా తమ్ముడూ?” అన్నాను. నాకు ఆ విద్య తెలియకపోయినా, ఇల్లు కట్టడం మొదలెట్టి పునాది దగ్గర ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఉగాది దాకా

ఆ రాత్రి వాళ్లింట్లో ఒక ఒప్పందం కుదిరింది. మధ్యవర్తి ఇంటావిడే. మండల కేంద్రంలో జిరాక్సు కొట్టులో మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా కుర్రవాడు కూర్చుంటాడు. కొట్టువాళ్లు ఇచ్చిన జీతం తల్లి చేతికిస్తాడు. పొద్దున పూట కంప్యూటరు అతనిది, ఎవరూ పలకరించరు. నాట్లప్పుడూ కోతలప్పుడూ మాత్రం పొలానికి రావాలి. ఈ ఏర్పాటు ఉగాది దాకా. ఆ లోపు చిన్నదైనా ఒక ఆట పూర్తి చేసి చూపించాలి. చూపించాక మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటారు. రైతు “అంతేకదా, ఒక కారు చూద్దాం” అన్నారు.

పోయిన ఆదివారం అటుగా వెళితే లోపలికి పిలిచారు. తెర మీద మనిషి గోడ దగ్గర ఆగుతున్నాడు. ఎంత గట్టిగా మీట నొక్కినా ఆగుతున్నాడు. కుర్రవాడు కాకుండా తండ్రే మీట నొక్కి నాకు చూపించారు. తర్వాత మనిషిని వాకిలి వైపు నడిపించారు. వాకిలి తెరిచే ఉంది. అక్కడా ఆగిపోయాడు.

“వాకిలి కూడా గోడేనట్రా వీడికి?” అన్నారు ఆయన.

“వాకిలి అని ఇంకా చెప్పలేదు నాన్నా” అని కుర్రవాడు నోటుబుక్కు తీశాడు.